ఊపని బ్యాటు

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, రాయపూర్‌లో మా రైల్వే కాలనీ బేస్‌బాల్ మైదానంలో బంతి విసిరేవాడికీ బ్యాటు పట్టేవాడికీ మధ్య దూరం సరిగ్గా అరవై అడుగుల ఆరు అంగుళాలు. బేసుకూ బేసుకూ మధ్య తొంభై అడుగులు. ఇంత ఖచ్చితంగా ఎలా చెప్పగలనంటే, టేపు పట్టి కొలిచింది నేనే. పక్క ఊరు తిల్దా మిల్లుల బియ్యపు గోనెసంచుల్లో ఇసుక నింపి మూడు మూలలా బేసులుగా పెట్టిందీ, నాలుగో మూల, అంటే చుట్టు తిరిగి చేరితే పరుగు వచ్చే 'ఇంటి' దగ్గర, కొయ్యపలక పాతిందీ నేనే. అలాంటి మైదానంలో పోటీ నాడు ఒక్కసారంటే ఒక్కసారి బ్యాటు ఊపే హక్కు నాకు లేకపోవడం ఏ ధర్మశాస్త్రం ప్రకారం న్యాయమో నేటికీ నాకు బోధపడలేదు.

ఆ అన్యాయానికి కర్త మా బావ. మా అక్క భర్త, రైల్వే కార్ఖానాలో చార్జ్‌మన్, బేస్‌బాల్ జట్టుకు మేనేజరు. నేను అదే కార్ఖానా డ్రాయింగ్ ఆఫీసులో నక్షాలు గీసేవాణ్ణి. జట్టులో నా స్థానం బెంచీ మీద. (నిష్పక్షపాతంగా చెప్పాలంటే సాధనలో నా బ్యాటుకు బంతి తగిలేది కాదు. బ్యాటు పొడవుకూ నా చేతుల పొడవుకూ నిష్పత్తి కుదరకపోవడమే అందుకు కారణమని అప్పట్లో బొమ్మ గీసి మరీ నిరూపించాను. బావ ఆ కాగితంలో పల్లీలు పొట్లం కట్టుకున్నాడు.) బ్యాటింగ్ వరుసలో చురుకైనవాళ్ళు ముందు, పహిల్వాన్ అని మేం పిలుచుకునే భారీ మనిషి నాలుగోవాడు, చేతకానివాళ్ళు చివర. నన్ను ఎప్పుడు దింపినా తొమ్మిదో స్థానంలోనే, అదీ కొట్టకూడదన్న షరతు మీద. బంతి మోకాలి కిందుగానో, ఛాతీకి పైగానో, పలక మీదుగా కాక పక్కగానో పోతే అది చెడ్డ బంతి. అలాంటివి నాలుగు వదిలేస్తే మొదటి బేసుకు ఊరికే నడిచిపోవచ్చు. నా ఉద్యోగం ఆ నడక.

"ఆఖరోడంటే గార్డు పెట్టె రా బామ్మర్దీ. అది లేకుండా గాడీ కదుల్తాదేటి?" అనేవాడు బావ.

"కదలదు బావా. కానీ అందులో ఎవడూ టిక్కెట్టు కొనుక్కొని ఎక్కడు కూడా" అన్నాను ఒకసారి. జట్టంతా నవ్వింది. వరుస మాత్రం మారలేదు.

తిల్దా మిల్లుల జట్టుతో ఆఖరి పోటీ నాడు మా అమ్మ మొదటిసారిగా ఆట చూడ్డానికి వచ్చింది. కొడుకు బంతిని కొడతాడని కాలనీలో పదిమందికి చెప్పుకుని మరీ వచ్చింది. ఆ ఒక్కరోజైనా ఆమె ముందు బ్యాటు ఊపాలని నేను నిశ్చయించుకున్నాను. ఆఖరి ఇన్నింగ్స్, రెండు జట్లవీ సమానంగా పరుగులు, మావాళ్ళు ఇద్దరు అవుట్, మూడు బేసుల మీదా మావాళ్ళే. వంతు తొమ్మిదో స్థానానిది. బావ నా వైపు వేలు చూపించాడు.

"చూడు, నువ్వు నడిస్తే అందరూ ఒక్కో బేసు ముందుకు జరుగుతారు, మూడో బేసు మీదున్న పహిల్వాన్ ఇంటికొచ్చేస్తాడు. ఖేల్ ఖతం. బ్యాటు కదిపినావో, చంపేస్తాను. కదపకపోతే ఈ రాత్రి కోడికూరలో తొడముక్క నీది. పక్కా."

"బావా, మా అమ్మ చూస్తోంది."

"చూడనీ. నిలబడ్డం కూడా చూడ్డానికి బానే ఉంటాది."

బంతి పట్టడానికి నా వెనక కూర్చున్న తిల్దా ఆటగాడు నన్ను ఎగాదిగా చూసి, "ఎ కా మారహీ గా!" అని వాళ్ళ వాళ్ళకు కేకేశాడు. ఈయనేం కొడతాడట! ఒళ్ళు మండిపోయింది. అయినా ఓర్చుకున్నాను. మూడు చెడ్డ బంతులు వదిలాను. రెండు మంచివీ వదిలాను. ఇక మిగిలింది ఒక్క బంతి. మూడో మంచి బంతినీ వదిలేస్తే నేను అవుట్, మూడో అవుట్‌తో మా ఇన్నింగ్సూ సరి.

"కొట్రా నాయనా! నిద్దరోతన్నావేటి?" అని అమ్మ అరిచింది.

కొట్టేద్దామనుకున్నాను. తొడముక్క పోతే పోయింది. బంతి బయలుదేరింది, భుజాలు బిగిశాయి, చేతులు లేచాయి. సరిగ్గా అప్పుడు, పదేళ్ళుగా స్కేలు పట్టిన నా దిక్కుమాలిన కన్ను చూసేసింది: మోకాలి కింద రెండు అంగుళాలు. తప్పుడు కొలత అని తెలిశాక గీత గీయడానికి చెయ్యి ఎలా ఒప్పుకోదో, అలా ఆగిపోయింది బ్యాటు. బావ మాట కాదని తెగించినవాణ్ణి, నా కన్నే బావ పక్షాన చేరి ఆపేసింది!

"చౌథా బాల్!" అన్నాడు అంపైరు. నేను నడిచాను. పహిల్వాన్ తాపీగా ఇంటికి చేరాడు. జనం భుజాలకెత్తుకున్నది పహిల్వాన్‌ను. దండ వేసింది బావకు. (నాలుగు చెడ్డ బంతులతో నడిచినవాడు బ్యాటింగ్ చేసినట్టే లెక్క కాదని ఆ ఆట నియమం. అంటే శాస్త్రోక్తంగా నేను అక్కడ లేను.)

"ఏటిరా, కర్రట్టుకు నిలబడ్డావు, కర్ర పారేసి ఎలిపోనావు. దీనికేనా నన్ను రమ్మన్నావు?" అంది అమ్మ ఇంటికొచ్చాక. "అల్లుడు మాత్రం బాగా ఆడించేడు బాబూ!" అంటూ గిన్నెలోంచి వెతికి వెతికి తొడముక్క తీసి బావ కంచంలో వేసింది. నేను బావ కేసి చూశాను. బావ నా కేసి చూశాడు. చూస్తూనే తిన్నాడు.

ఇప్పుడు నాకూ అల్లుడొచ్చాడు. మంచి ముక్క వెతికి అతని కంచంలో వేసే చెయ్యి నాదే. అలా వేస్తున్నప్పుడు పెదవి కొంచెం వంకర పోతుంది. నవ్వేననుకుంటాను. మా ఆవిడ మాత్రం పంటినొప్పా అని అడుగుతుంది.

ఆ పోటీల్లో నా లెక్క: బరిలోకి దిగినది నాలుగుసార్లు, నడిచినది నాలుగుసార్లు, ఊపినది సున్నా. బ్యాటుకు గీత కూడా పడలేదు. నష్టం: తొడముక్క, ఒకటి.