అరకన్ను బాబాయి

మా బాబాయి ప్రపంచాన్ని ఏనాడూ కళ్లు పూర్తిగా తెరిచి చూడలేదు. సగం మూసే చూసేవాడు. సొంత బాబాయి కాదు, మా ప్రెస్సు మేడ మీద పుస్తకాలకి ముఖచిత్రాలు గీసే ఆయన. ఎదురుగా అందరికీ బాబాయి. చాటుగా అరకన్ను బాబాయి.

కళ్లు సగం మూస్తే చిల్లర వివరాలన్నీ కరిగిపోయి వెలుగూ చీకటీ మాత్రమే మిగులుతాయని ఆయన సిద్ధాంతం. వీధి అవతలి నుంచి పుస్తకాల షాపు అద్దంలోకి చూసేవాడికి ముఖచిత్రం అలాగే కనిపిస్తుందట. బొమ్మలు గీసేవాళ్లందరూ అప్పుడప్పుడూ చేసే పనే ఇది. వాళ్లు పని అయ్యాక కళ్లు తెరుస్తారు. ఈయన ఆ సంగతి మర్చిపోయాడు.

గొడుగు కొనబోతే, షాపువాడు తెరిచి చూపించిన ప్రతిదాన్నీ వీధి అవతల నిలబడి అరకన్నుతో చూసేవాడు. ఈలోగా వాన వెలిసేది. నిలువునా తడిసి, ఇక గొడుగు అక్కర్లేదని తేల్చుకుని వచ్చేవాడు.

మేనకోడలికి సంబంధం వస్తే పెళ్లికొడుకు ఫొటోని దూరంగా పట్టుకుని చూశాడట. కుర్రాడు బానే ఉన్నాడు గానీ ఎడమవైపు ఖాళీ ఎక్కువైందన్నాడట. "ఆ ఖాళీలోనే మన పిల్ల నిలబడుతుంది, మీరు ఊరుకోండి" అని పిన్ని ఆ ఫొటో లాక్కుందట.

బస్సులో పక్కవాళ్లు, ఈయన ఎలాగూ నిద్రపోతున్నాడు కదా అని ఆయన భుజం మీద తలపెట్టి నిద్రపోయేవాళ్లు. వాళ్లు లేస్తారేమోనని ఆయన కదిలేవాడు కాదు. దిగాల్సిన చోట దిగేవాడూ కాదు. ప్రెస్సుకి ఎప్పుడూ అవతలి వైపు నుంచి నడుచుకుంటూ వచ్చేవాడు.

పుస్తకాల పేర్లు అందంగా రాయడం నా పని. పాత పుస్తకాల అంగట్లో దొరికినవన్నీ చదివి, ఏ దేశంలో ఏ పోస్టరు ఎవరు గీశారో, ఎవరి గీతని ఎవరు కాపీ కొట్టారో కంఠతా పట్టాను. ఈ ఊళ్లో అది అడిగే నాథుడు లేడు. ఒకరోజు ఉండబట్టలేక, అంతటి మహానుభావులు చేసిందేమిటి, మనం వెలగబెడుతున్నదేమిటి అని బాబాయిని నిలదీశాను. ఆయన నా వైపు మత్తుగా తిరిగి, "వాళ్లు గీసినదాంట్లో సగం చెరిపేశార్రా. మనకేమో చెరపడానికి మనసొప్పదు" అన్నాడు. ఆ తర్వాత ఆలోచిస్తున్నాడో నిద్రపోతున్నాడో సాయంత్రం దాకా తెలీలేదు.

మా గదిలో మూడో మనిషి అతికించే అక్క. బాబాయి బొమ్మనీ నా అక్షరాల్నీ అట్ట మీద కొలిచి, జిగురుతో అతికించి, కిందికి అచ్చుకి పంపడం ఆమె పని. ఆమధ్య ఒక కవిగారి పుస్తకం వెనక ఇంకో కవిగారి ఫొటో అతికించింది. ఇద్దరి మీసాలూ ఒకేలా ఉంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? కవిత్వం కూడా ఒకేలా ఉంటుందని నా అభిప్రాయం. కానీ ఇంకొక్క పొరపాటు జరిగితే ఇంటికి పొమ్మని యజమాని చెప్పేశాడు. ఆ ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

పడవల రేవులో జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన చిన్ననాటి సంగతులు రాసుకుని మా దగ్గరికి వచ్చాడు. బాబాయి ఆ పుస్తకానికి ఒక పడవ గీశాడు. నీలం, బూడిదరంగు, అంతే. పైన పడవ, కింద నీళ్లలో వణుకుతున్న దాని నీడ. కింద మెషిను తిరిగేటప్పుడు మా మేడ నేల కూడా సన్నగా వణికేది. ఎండ కిటికీలోంచి వాలే వేళ ఆ బొమ్మ ముందు కూర్చుంటే గదే నీళ్ల మీద తేలుతున్నట్టుండేది.

అచ్చయిన ముఖచిత్రాల కట్ట పైకి వచ్చింది. అక్క తాడు విప్పింది. పుస్తకం పేరు సరిగ్గానే నిలబడి ఉంది. బొమ్మ మాత్రం తలకిందులైంది. వణికే నీడ పైకెక్కి పడవలా తేలుతోంది. అసలు పడవ కిందకి పోయి నీడలా వేలాడుతోంది.

అక్క చేతిలోంచి తాడు జారిపోయింది. అప్పుడు చూశాను బాబాయి కళ్లు. పూర్తిగా తెరుచుకున్నాయి. పెద్ద కళ్లు, తేనెరంగువి. అవి బొమ్మని చూశాయి. అక్క మొహాన్ని చూశాయి. మెట్ల మీద యజమాని చెప్పుల చప్పుడు వినగానే మళ్లీ సగానికి దిగిపోయాయి.

యజమాని వెనకే రచయిత పెద్దాయన కూడా వచ్చాడు. యజమాని కట్ట వైపు చూసి, తర్వాత అక్క వైపు చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే తిప్పమన్నాను," అన్నాడు బాబాయి ఆవులిస్తూ.

"పడవని తలకిందులుగానా, మాస్టారూ?"

"బొమ్మలో బరువు కిందకి రావాలి కదండీ. కళ్లు అంతేసి చేసుకుంటే మీకు కనపడదు. కాస్త మూసి చూడండి."

యజమాని మూయలేదు. పనివాళ్ల ముందు కళ్లు మూసే అలవాటు ఆయనకి లేదు. పెద్దాయన మూశాడు. మూసినవాడు చాలాసేపు తెరవలేదు. మెషిను తిరుగుతోంది, నేల వణుకుతోంది, ఆయన నిలబడ్డచోటే మెల్లగా ఊగుతున్నాడు. చిన్నప్పుడు పడవ అంచున వెల్లకిలా పడుకుని తల కిందకి వేలాడేస్తే నది ఇలాగే కనిపించేదన్నాడు. ఆ సంగతి రాయడమే మర్చిపోయానన్నాడు. ఇది మీకెలా తెలిసిందని బాబాయిని అడిగాడు. బాబాయి వినయంగా తల వంచాడు. బొత్తిగా సిగ్గులేని మనిషి.

యజమాని వెంటనే, తిప్పమని తనే సలహా ఇచ్చినట్టు మాట్లాడుతూ పెద్దాయన్ని కిందకి తీసుకెళ్లాడు.

వాళ్ల అడుగుల చప్పుడు ఆగాక అక్క కళ్లు తుడుచుకుంది.

"బాబాయ్, నిజం చెప్పు. అంత బాగుందా?"

"సగం మూసి చూస్తే బాగుంది తల్లీ."

"తెరిచి చూస్తే?"

"ఏడ్చినట్టుంది," అన్నాడు బాబాయి. "ఒకసారి తెరిచి చూశాగా."