ఐసు నీళ్లకు ఆగిన మా నాన్న ఆటో

ఇందాక బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర మా కారు పక్కన ఓ పాత ఆటో ఆగి టప్ టప్‌మని మిస్ కొట్టింది. అంతే, నా చెవులు అటే తిరిగాయి.

తొంభైల్లో బడి వదలగానే మన క్లాసు వాళ్లమంతా ఎక్కి తొక్కిన మా నాన్న ఆటో గుర్తుందా? ఎంత కడిగినా చేపల వాసనే! ఆదివారం పొద్దున్నే అమ్మ విజయవాడలో చేపలు కొని, ఐసు వేసి, ఇబ్రహీంపట్నంలో అమ్మేది. బుట్టలు వెనకాల, సరిగ్గా ఇంజిన్ మీద ఉండేవి.

ఓ ఆదివారం నేనూ వాళ్లతో వెళ్తుంటే, గొల్లపూడి దాటగానే ఇంజిన్ మిస్ కొట్టడం మొదలైంది. రేజ్ చేస్తే అందుకోకుండా గునుస్తోంది. నాన్న ప్లగ్గు విప్పి గీకాడు, కార్బొరేటర్ ఊదాడు. కాస్త దూరం పోయి మళ్లీ అదే వరస.

"ఐసు సగమైపోయిందయ్యా! చేపలు పాడైతే ఎవరు కొంటారు?" అంది అమ్మ ఏడుపు గొంతుతో.

"కాసేపు మాట్లాడకండే, విననీండి," అన్నాడు నాన్న, ఇంజిన్ ఆపకుండానే కిందికి దిగి.

చెవులు రిక్కించాం. చుయ్‌మని చప్పుడు, వెంటనే ఇంజిన్ తడబాటు. బుట్టలోంచి కారే ఐసు నీళ్లు వేడి ఇంజిన్ మీదా, ప్లగ్గు వైరు మీదా పడి, ప్లగ్గుకి కరెంటు అందనివ్వడం లేదు. ఐసు కరిగితే బండి ఆగుతోంది, బండి ఆగితే ఐసు ఇంకా కరుగుతోంది!

నాన్న వైరు తుడిచి, అమ్మ వానకి కప్పుకునే పట్టా బుట్టల కింద పరిచాడు. ఆ పూటకి గట్టెక్కాం.

ఇవాళ సిగ్నల్ దగ్గర, వెనక సీట్లో పాడుకుంటున్న మా అమ్మాయిని "ష్!" అని కసిరేశాను.

"ఏం వింటున్నావమ్మా?" అంది బిక్కమొహంతో.

నా చెయ్యి అప్పటికే వెనక్కి పోయి, ఐసు నీళ్లకి సీటు తడిసిందేమోనని తడుముతోంది.