నలభై ఒకటో నంబరు బిళ్ళ

తార్నాకలో మా అపార్టుమెంటు నుంచి పొద్దున్నే యూనివర్సిటీ లోపలికి నడకకు వెళ్ళడం రిటైరైన నాటి నుంచీ నాకు అలవాటు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళు ఇద్దరం వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు ఒక్కణ్ణే వెళుతున్నాను. మొన్న ఒక హాస్టలు ముందర ఊడ్చే ఆడవాళ్ళు వరసగా నిలబడి, సూపర్‌వైజరు పట్టుకున్న ఫోనుకు ఒక్కొక్కరే ముఖం చూపించి హాజరు వేయించుకుంటున్నారు. పంటి నొప్పితో దవడ వాచిన ఒకామెను ఆ ఫోను గుర్తుపట్టడం లేదు, రోజూ వచ్చే మనిషేనని పక్కామె ఎంత మొత్తుకున్నా అతను వినడం లేదు. ఊరికే ఉండలేక, ఎవరి కింద పని చేస్తున్నారమ్మా అని అడిగాను. ఏజెన్సీ అన్నది పక్కామె. ఏ ఏజెన్సీ అంటే సూపర్‌వైజరు వైపు చూసింది, అతను ఇంకెవరిదో పేరు చెప్పి, ఆ పైన ఎవరో తనకూ తెలియదన్నాడు. అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాను.

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, అరవైల చివరలో తార్నాక అంటే నాలుగు బంగళాలు, వాటి వెనక బండరాళ్ళు, ఆ రాళ్ళ మధ్య సీతాఫలం చెట్లు. బస్సు దిగి యూనివర్సిటీ లోపలికి నడుస్తుంటే మన చెప్పుల చప్పుడు మనకే వినిపించేది. ఊళ్ళో సేద్యం అన్నకు వదిలేసి, సాయంత్రం కాలేజీలో చదువుకుంటానని పట్నం వచ్చి, లాలాపేట్‌లో అక్కావాళ్ళింట్లో దిగాను. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, మాట కన్నా మొహమాటం ఎక్కువ. మా బావ ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. యూనివర్సిటీలో కొత్త హాస్టలు కడుతున్నామని, పగలంతా ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని, నన్ను తీసుకుపోయి ఆ పని దగ్గర బిళ్ళల గుమాస్తాగా పెట్టాడు.

బిళ్ళల గుమాస్తా అంటే పెద్ద ఉద్యోగమని మా ఊళ్ళో చెప్పుకున్నారట. రేకుల గదికి ఒక కిటికీ, గోడకు మేకులు, మేకులకు నంబర్లు చెక్కిన ఇత్తడి బిళ్ళలు, అంతే. పొద్దున పనివాళ్ళు కిటికీ ముందుకొచ్చి నంబరు చెబితే బిళ్ళ ఇచ్చి, హాజరు పుస్తకంలో ఆ నంబరుకున్న పేరు ఎదురుగా గీత గీయాలి. సాయంత్రం బిళ్ళ తిరిగి తీసుకోవాలి. కట్టడం పెద్ద కాంట్రాక్టరుది, రాతి పనిని ఆయన మా బావ వాళ్ళ చిన్న కాంట్రాక్టరుకిచ్చాడు, చిన్నాయన మనుషుల్ని తెచ్చే సంగతి మేస్త్రీకి అప్పగించాడు, మేస్త్రీ పాలమూరు వైపు పల్లెల నుంచి ఆడామగా నలభై యాభై మందిని తెచ్చి లాలాపేట్ రైలు పట్టాల అవతల గుడిసెలు వేయించాడు. పని చేసేవాళ్ళకూ చేయించుకునేవాళ్ళకూ మధ్య ఇన్ని మెట్లున్నాయని నాకప్పుడు పట్టలేదు.

వాళ్ళలో ఒక అలవాటు ఉండేది. ఇంట్లో పసిబిడ్డకు జ్వరమొస్తేనో, తనకే ఒంట్లో బాగాలేకపోతేనో, ఆ మనిషి బిళ్ళ మీద చెల్లెలో తోడికోడలో వచ్చేది, ఎందుకంటే వరసగా మూడు రోజులు గీత పడకపోతే మేస్త్రీ ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేసేవాడు. ఈ మార్పిడి మేస్త్రీకీ తెలుసు, తట్టలు మోసే తలలు తక్కువ కాకపోతే చాలని కళ్ళు మూసుకునేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి. ఊరుకోవడమేమిటి, మంచి పని చేస్తున్నాననే అనుకునేవాణ్ణి. నలభై ఒకటో నంబరు ఇద్దరు తోడికోడళ్ళలో పెద్దామెది. ఆమెకు కాన్పు కావడంతో నెల రోజులుగా చిన్న తోడికోడలు వస్తున్నది. పెద్దామె పేరు ఎదురుగా గీత గీసి చిన్నామె చేతికి బిళ్ళ ఇచ్చేవాణ్ణి. చిన్నామె పేరు నేనడగలేదు. కిటికీలోంచి చూసి పలకరింపుగా ఒక నవ్వు నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. కాలేజీలో నా యాసకు వెనక బెంచీలవాళ్ళు నవ్వేవాళ్ళు, అక్కకు ఇంటి చాకిరీతోనే సరిపోయేది, అంత పట్నంలో రోజుకొకసారి నన్ను మనిషిలా చూసేది ఆమె ఒక్కతే.

ఒకరోజు పదింటి వేళ పరంజా ఒక పక్కకు ఒరిగింది. అరుపులు విని పరుగెత్తేసరికి చిన్నామె కుడిచెయ్యి రాయి కింద ఉంది. మగవాళ్ళు రాయి ఎత్తి, ఆమెను రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పోయారు. వేళ్ళు దక్కాయి గాని అవి ఇక వంగవని, ఆ చేత్తో బరువు ఎత్తలేదని డాక్టర్లు తేల్చేశారు. తట్ట ఎత్తితేనే ఆమెకు తిండి. ఇంటివాళ్ళు పెద్ద కాంట్రాక్టరు ఆఫీసుకు పోతే మా మనిషి కాదు, రాతి పనివాళ్ళను అడగండన్నారు. మా బావ వాళ్ళు మేస్త్రీని అడగమన్నారు. నేను కూడా కూలోణ్ణే కదా అని మేస్త్రీ రెండు చేతులూ చూపించాడు.

ఎదుటి హాస్టల్లో లా చదివే విద్యార్థి ఒకతను ఆ ప్రమాదం కళ్ళారా చూశాడు. పాపం, అతనే గుడిసెలకు వెళ్ళి వాళ్ళు చెప్పింది రాసుకుని లేబరాఫీసులో అర్జీ పెట్టాడు. నా దగ్గరికొచ్చి సాక్ష్యం చెబుతావా అని అడిగాడు. చెబుతానన్నాను. అర్జీలో ఏం రాశాడో నేనడగలేదు, అతను చెప్పలేదు. నా లెక్క నాకుంది: పుస్తకంలో ఉన్నది పెద్దామె పేరు, దెబ్బ తగిలింది చిన్నామెకు, ఈమె మా పనికి రానేలేదని కాంట్రాక్టర్లు అనడం ఖాయం, కాబట్టి బిళ్ళ మార్పిడి సంగతి నేను ఒప్పుకుంటే తప్ప ఆమెకు దారి లేదు. నా ఉద్యోగం పోతుంది, అక్క ఇంట్లో చోటు కూడా పోవచ్చు. పోనీ అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ త్యాగం తలచుకుంటే లోలోపల గర్వంగానే ఉండేది. మూడు రోజులు పని ముగిశాక బండరాళ్ళ మీద ఒక్కణ్ణే కూర్చుని చెప్పబోయే మాటలు వల్లె వేశాను. గుడిసెలు నడిచేంత దూరంలోనే ఉన్నాయి. ఒక్కసారి వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చుందామని మాత్రం తోచలేదు.

లేబరాఫీసులో అధికారి పెద్ద వయసాయన, నిదానస్తుడు. అర్జీదారు పేరు చదివాడు. అది పెద్ద తోడికోడలి పేరు. చేతికి కట్టుతో చిన్నామె లేచి నిలబడి, ఆ పేరు తనదేనన్నది. అప్పుడైనా నాకు అర్థం కావలసింది. ఫోటోలు లేని కాలం, ఆడకూలీల ముఖాలు మా బావ వాళ్ళు ఏనాడూ తేరిపార చూసింది లేదు. పెద్దామె తన పేరు చిన్నామెకు ఇచ్చేసి, చిన్నామె పేరు తను తీసుకుంటే పుస్తకం సరిపోతుంది, మనిషి సరిపోతుంది, గుంపు చెదిరిపోతుందన్న భయంతో మేస్త్రీ నోరు విప్పడు. అంతా గుడిసెల్లో కూర్చుని వాళ్ళే చక్కబెట్టుకున్నారు. నాకు చెప్పలేదు. సూపర్‌వైజరు బామ్మర్దికి ఎవరు చెబుతారు?

అధికారి నా వైపు తిరిగి, "నలభై ఒకటో నంబరు ఈమెదేనా?" అని అడిగాడు.

ఆమె నన్నే చూస్తున్నది. నిజం చెప్పమంటున్నదనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మూడు రోజులుగా నోట్లో నానుతున్న మాటలన్నీ ఒక్క ఊపిరిన కక్కేశాను, బిళ్ళ ఈమెది కాదని, తోడికోడలిదని, తెలిసే ఇచ్చానని, తప్పంతా నాదని, నన్ను ఏం చేసినా సరేనని. కాంట్రాక్టర్ల తరఫు వకీలు లేచి, దొంగ పేరుతో పెట్టిన అర్జీ చెల్లదన్నాడు. అధికారి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నీ అసలు పేరేమిటని ఆమెను అడిగితే, తల దించుకుని ఎంత మెల్లగా చెప్పిందంటే నాకు వినపడలేదు. సొంత పేరు మీద, పనిలో చూసిన సాక్షులతో కొత్తగా అర్జీ పెట్టుకొమ్మని, దీన్ని మాత్రం కొట్టేస్తున్నానని ఆయన అన్నాడు.

బయట మెట్ల మీద పెద్ద తోడికోడలు బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. చిన్నామె వెళ్ళి ఆమె పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. నన్ను తిడతారనుకున్నాను. పెద్దామె తలెత్తి చూసింది.

"అవునంటే అయిపోతుండె గద సారూ," అన్నది.

లా విద్యార్థి నాతో మాట్లాడకుండానే సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఇల్లు చేరేసరికి కబురు నాకన్నా ముందే చేరింది, మా బావ గుమ్మంలోనే భుజం తట్టి, "బతికించినవ్ పో బామ్మర్దీ, శేటు మస్తు ఖుష్ అయిండు," అన్నాడు. శేటంటే వాళ్ళ చిన్న కాంట్రాక్టరు. ఉద్యోగం పోలేదు. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నా ఎవరూ ఒక్క మాట అనలేదు. అక్క ఆ పూట నాకోసం గుడ్ల కూర వండింది, రెండు ముద్దలు తిని చేయి కడుక్కున్నాను. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత కిటికీ దగ్గర ఎవరూ నాతో మాట్లాడలేదు, నంబరు చెప్పి బిళ్ళ తీసుకుని వెళ్ళేవాళ్ళు. నాలుగో రోజు అసలు ఎవరూ రాలేదు. కొత్త అర్జీకి సాక్షులు దొరక్కుండా గుంపునంతా వేరే పనికి తరలించారని తెలిసి గుడిసెల దగ్గరికి పరుగెత్తాను. పొయ్యి రాళ్ళు, చిరిగిన చాప ముక్కలు తప్ప ఏమీ లేవు. అంబర్‌పేట్ వైపు పోయారని ఎవరో అంటే, ఎన్నో ఆదివారాలు అక్కడ కడుతున్న ప్రతి ఇంటి ముందూ నిలబడి తట్టలు మోసేవాళ్ళ ముఖాలు చూశాను. పుస్తకంలోని పేర్లు చెప్పి అడిగితే ఎవరూ ఎరగమన్నారు, వాళ్ళ ఊరు నాకు తెలియదు, చిన్నామె పేరూ తెలియదు. బిళ్ళల పని మానేసి విద్యానగర్‌లో ఒక గది తీసుకున్నాను. మా బావకు నా అలక అర్థం కాలేదు, నేను చెప్పలేదు, అక్కతో కూడా రాకపోకలు పండగలకే పరిమితమైపోయాయి.

తర్వాత చట్టాలు వచ్చాయి. కింది కాంట్రాక్టరు తప్పుకుంటే పైవాడు బాధ్యత వహించాలని రాశారు. గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆ కాగితాలు వెతుక్కుని మరీ చదివాను. మంచివే, కాదనను. పేర్లు ఇప్పుడు తప్పుల్లేకుండా రాస్తున్నారు, మధ్యలో మెట్లు మాత్రం ఇంకా పెరిగాయి. తన పేరునే తీసి తోడికోడలికి ఇచ్చేయగలిగేంత దగ్గరితనం ఆ గుడిసెల్లో ఉండేది; అది ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు, నేనుండే చోట మాత్రం పక్క ఫ్లాటులో ఎవరున్నారో కూడా చెప్పలేను. అబద్ధమాడలేదు కదా అని ఈ కథ విన్న ఒకరిద్దరు నన్ను ఓదార్చారు. ఆడలేదు, నిజమే. ఆమె కోసం మాట్లాడుతున్నాననుకున్నాను. అంతకు ముందు ఆమెతో ఒక్క మాట మాట్లాడి ఉంటే, చెయ్యి బాగయ్యేది కాదు గాని, ఆమెకు రావలసింది నా నోటి వల్ల పోయేది కాదు.