బావ కారుకి కిటికీ ఏసీ

మా బావ పోయాడు. మొన్న, వడదెబ్బకి. కారుకి కిటికీ ఏసీ బిగించిన మనిషి వడదెబ్బకి పోవడమేంటని రేపల్లెలో నవ్వుకున్నవాళ్లున్నారు. పోయింది మా అక్క మొగుడు కాకపోతే అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ని.

అక్కకి గుండె జబ్బు. ఎండలో కారెక్కితే తెనాలి చేరేలోపు కళ్లు తేలేసేది. అక్కడి డాక్టరేమో మిట్టమధ్యాహ్నం తప్ప చూడడు. ఏసీ కారు కొనే తాహతు బావకి లేదు. అందుకని పడకగది కిటికీలో ఉన్న ఏసీని పీకి పాత అంబాసిడర్‌కి పెట్టాడు. కారు నెత్తిన క్యారియర్ మీద జనరేటర్ కట్టాడు.

మొదటిసారి ఏసీ మొత్తాన్నీ వెనకసీట్లోనే కూర్చోబెట్టి అద్దాలన్నీ ఎత్తేశాడు. దాని మొహంలోంచి చల్లగాలి, వీపులోంచి వేడిగాలి, రెండూ కారులోకే! నేను సుద్దముక్కతో డోరు మీద "ఇచ్చట ఇడ్లీలు ఉడికించబడును" అని రాశాను. బావ చొక్కా పిండుకుంటూ దిగి, చదివి, "ఉడికించబడును ఏంట్రా, ఉడికిపోయాయి" అన్నాడు.

తర్వాత వెనక అద్దం తీసేసి, ఏసీ వీపు బయటికి పెట్టి, చుట్టూ రేకు కొట్టాడు. చల్లబడింది. కానీ ఆ మోతకి వేమూరులో గేదెలు పలుపులు తెంపుకునేవి.

"ఇది కారా, పిండిమరా బావా?" అని అరిస్తే, "మీ అక్క నిద్రపోతోందిరా, మెల్లగా మాట్లాడు" అనేవాడు. ఆ మోతలో! నిజంగానే నిద్రపోయేది మా అక్క.

జనరేటర్ తాడు లాగడం నా పని. అది ఒకపట్టాన లెగదు. నాకేమో నోరు ఆగదు. "తిట్టకురా, తిడితే లెగదు" అనేవాడు. యంత్రానికి మర్యాదేంటండి?

పోయిన రోజు పొద్దున ఏసీ ఫ్యాను ఆగిపోయింది. దానికి కావలసిన కెపాసిటర్ బాపట్లలో తప్ప దొరకదన్నారు.

"సాయంత్రం చల్లబడ్డాక పోవచ్చుగా?" అన్నాను.

"రేపు మీ అక్కని తెనాలి తీసుకెళ్లాలిగా" అని బండెక్కాడు.

నెత్తిన తువ్వాలు కట్టుకుని వెళ్లిన మనిషి, వచ్చేటప్పుడు దాన్ని కెపాసిటర్‌కి చుట్టుకుని వచ్చాడు. ఎండకి అది పాడవుద్దట! ఈ మనిషిని ఏమనాలో నాకిప్పటికీ తెలియట్లేదు. బిగించడం పూర్తిచేసి, "కాసేపు నడుం వాల్చి, లేచి ఆన్ చేసి చూస్తా" అన్నాడు. లేవలేదు.

మర్నాడు ఐస్ బాక్సులో పెట్టాం. బంధువులు రాకముందే కరెంటు పోయింది. బాక్సు వైరు తీసుకెళ్లి కారు మీది జనరేటర్‌కి తగిలించి తాడు లాగాను. లెగలేదు. మళ్లీ లాగాను. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. దాన్ని, కరెంటుని, మిట్టమధ్యాహ్నం డాక్టరుని, బావని.

బాక్సు పక్కన కూర్చున్న అక్క తలెత్తింది. "తిట్టకురా తమ్ముడూ. తిడితే లెగదని మీ బావ చెప్తూనే ఉంటాడుగా."

నోరు మూసుకుని లాగాను. లేచింది.

బాక్సుతోపాటు కారులో ఏసీ కూడా లేచింది. దాని స్విచ్ వేసే ఉందన్న సంగతి మాకెవరికీ గుర్తులేదు. ఫ్యాను తిరుగుతోంది. బావ విప్పి వెనకసీటు మీద పడేసిన తువ్వాలు ఆ చల్లగాలికి కొద్దికొద్దిగా కదులుతోంది.