డాక్టరమ్మ పొయ్యి వెలిగించని రోజు

మా డాక్టరమ్మ పోయింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. ఆస్పత్రి కాంపౌండరు సైకిల్ గోడకి ఆనించి కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు, అంతే. పిల్లల్ని ఆపమనడం కూడా నాకు తోచలేదు. వాళ్లు పాడుతూనే ఉన్నారు. ఆ గొంతులు ఎక్కడో ఏటి అవతలి నుంచి వస్తున్నట్టు వినపడ్డాయి. పొద్దున రోగుల్ని చూస్తూ చూస్తూ, ఒక ముసలాయన్ని నాలుక చాపమని చెప్పి, అట్లాగే కుర్చీలో వెనక్కి వాలిపోయిందట. పాపం ఆ ముసలాయన చానాసేపు నాలుక చాపుకునే కూర్చున్నాడట.

మీలో చాలామందికి ఆమె తెలియదు. నరసరావుపేట నుంచి వినుకొండ పోయే దారిలో నాపరాళ్లు పరిచిన ఓ వీధి, ఒక ప్రార్థన మందిరం, ఒక బడి, ఒక మిషన్ ఆస్పత్రి. అదే మా పాలెం. యుద్ధం రావడానికి ముందు ఏడాది ఆమె ఒక ట్రంకు పెట్టె, ఒక నల్ల గొడుగుతో బండి దిగింది. ఆస్ట్రియా దేశంలో వియన్నా అనే పట్నం ఆమెది. అక్కడ యూదుల మనిషన్న పేరుతో ఆస్పత్రిలో ఉద్యోగం తీసేశారు, బోర్డు పీకేశారు, వీధిలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి రాళ్లు తోమించారు. ఇవన్నీ ఆమె మాకు తర్వాతెప్పుడో చెప్పింది, అదీ ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

యూదులంటే మా పాలేనికి బైబిల్లోనే తెలుసు. ప్రాణంతో ఉన్న యూదుల మనిషిని చూస్తామని ఎవరనుకున్నారు? మందిరంలో ఒకాయన, ప్రభువుని సిలువ వేయించినవాళ్ల సంతానం కదా ఈమె, అని గొణిగాడు. మా అత్త ఊరుకుంటుందా! "ప్రభువు ఎవరి కడుపున పుట్టాడ్రా? ఆ తల్లి వీళ్ల మనిషి కాదూ?" అని నలుగురిలో కడిగేసింది. ఆ సాయంత్రమే డాక్టరమ్మ ఇంటికి పోయి, మేరీ తల్లి మీకు ఏ వరస అవుతుందమ్మా అని అడిగింది కూడా. నేను ఇంగ్లీషులో చెప్పేసరికి డాక్టరమ్మ పగలబడి నవ్వింది. ఆమె అట్లా నవ్వడం అదే మొదలు.

ఆమెకి తెలుగు నేర్పింది నేనే. బడి తెలుగు నేర్పాలనుకున్నాను గానీ నా వల్ల కాలేదు. మా అత్త దగ్గరే ఎక్కువసేపు కూర్చునేది కదా, "ఏంది", "చానా" అవే పట్టుకుంది. నన్ను వదినా అనేది, మా అత్తని అత్తా అనేది. తెల్లగా పాలిపోయిన ఆ మనిషి, గౌను వేసుకుని, అచ్చం మా పాలెం ఆడదానిలాగా మాట్లాడుతుంటే కొత్తగా వచ్చిన రోగులు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. ఏడుస్తూ వచ్చిన ప్రతి తల్లికీ ఒకటే మాట చెప్పేది, ముందు నీళ్లు తాగు, ఏడుపు ఎక్కడికీ పోదు, అని. పాలు పొయ్యని టీలో నిమ్మకాయ పిండుకుని తాగేది. అదేం రుచో నాకైతే ఇప్పటికీ తెలియదు.

యుద్ధం మొదలవగానే ఇంకో చోద్యం. జర్మనీవాడు ఆమె దేశాన్ని మింగేశాడు గనక ఆమె జర్మనీ మనిషి అయిందట. జర్మనీ మనిషి గనక ఇక్కడి దొరలకి శత్రువట. వారం వారం నరసరావుపేట పోలీసు స్టేషనుకి పోయి కనపడి రావాలి. ఎవడు తరిమితే ఇంత దూరం వచ్చిందో, నువ్వు వాడి మనిషివే అనడం ఏం న్యాయమండీ? నాకు ఒళ్లు మండేది. ఆమె మాత్రం చక్కగా జట్కా ఎక్కి పోయేది, వచ్చేటప్పుడు మా అత్తకి పొగాకు తెచ్చేది. ఆ స్టేషను సబినస్పెక్టరు భార్యకి పురుడు పోసిందీ ఆమే.

ఆమె తల్లి వియన్నాలోనే ఉండిపోయింది. ఇద్దరికీ ఒకేసారి కాగితాలు దొరకలేదు. నువ్వు ముందు పోయి ఇల్లు చూడు, నేను వెనకాలే వస్తానని కూతుర్ని రైలెక్కించిందట. ఈలోపల యుద్ధం వచ్చి దారులన్నీ మూసుకుపోయాయి. డాక్టరమ్మ తన ఇంటిని ఆనుకుని ఒక గది కట్టించింది. నాపరాళ్ల నేల, పొట్టి నులకమంచం, రోడ్డు వైపు ఒక కిటికీ, కిటికీ కింద కూర్చోవడానికి గట్టు. కిటికీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూడటం మా అమ్మకి అలవాటు, అంది. పొద్దున్నే ఆస్పత్రికి పోయేముందు ఆ గది తనే ఊడ్చుకునేది. పనిమనిషిని ముట్టనిచ్చేది కాదు.

సాయంత్రాలు ఎండ చల్లబడ్డాక మా అరుగు మీద చేరేవాళ్లం. వాళ్లమ్మ కబుర్లు చెప్పేది. సోపు గింజలు వేసి రొట్టె ఎట్లా కాల్చేదో, మెట్లెక్కేటప్పుడు అంతస్తు అంతస్తుకీ ఆగి ఎట్లా తిట్టుకునేదో, మంచు కురిసిన పొద్దున కిటికీ తెరిచి పిచ్చుకలకి రొట్టెముక్కలు ఎట్లా వేసేదో. వినీ వినీ ఆవిడ మాకు మామ్మ అయిపోయింది. ఎదురింటి మామ్మ ఊరికి పోయింది, రేపోమాపో వస్తుంది, అన్నట్టే ఉండేది మాకు. కారం తింటుందా, చేప తింటుందా, కిందకూర్చుంటే లేవగలదా, ఆడవాళ్లు ఆరాలు తీసేవాళ్లు. మా అత్త ప్రతి ఏడూ కారం తగ్గించి మామ్మ కోసం వేరే జాడీలో గోంగూర పచ్చడి పెట్టేది. ఏడాది తిరిగేసరికి ఆ చప్పటి పచ్చడి మేమే తినేవాళ్లం, మళ్లీ కొత్త జాడీ పెట్టేది.

నాకు కలలో కూడా వచ్చేది మామ్మ. బూడిదరంగు కోటు వేసుకుని నరసరావుపేట స్టేషనులో దిగేది. నడుచుకుంటూ మిరప కళ్లాల మధ్యగా వచ్చేది. ఎర్రగా ఆరబోసిన కాయల మీద మంచు పడుతూ ఉండేది. చుట్టూ ఎండ, అయినా మంచు కరిగేది కాదు. ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదు. మెలకువ వచ్చాక కూడా కాసేపు ఆ మంచు నిజమే అనిపించేది. పిల్లలకి భూగోళం చెప్పేదాన్నే గానీ ఆ వీధి ఎక్కడ అయిపోయి మా వీధి ఎక్కడ మొదలవుతుందో నాకే తెలిసేది కాదు.

యుద్ధం ఆగింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన పత్రిక చదివి వినిపించాడు. మా ఆయన బడికి హెడ్‌మాస్టరు, పత్రిక చదవడం ఆయన పని. యూదుల్ని వీధులకి వీధులు ఖాళీ చేయించి, పశువుల్ని ఎక్కించినట్టు రైళ్లకెక్కించి, ముళ్లకంచెల వెనక పెట్టి చంపారని అందులో ఉంది. ముసలివాళ్లని, చంటిపిల్లల్ని దిగీ దిగకముందే విషపుగాలి పెట్టి చంపారని ఉంది. ఆయన మధ్యమధ్య ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఆ రోజు డాక్టరమ్మ ఒక పురుటి కేసుకి బొల్లాపల్లి వైపు పోయి ఉంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. ఇరుగుపొరుగు వండి తెస్తారు, పక్కన కూర్చుని తినిపిస్తారు, ఏడవాల్సినవాళ్ల చేత ఏడిపిస్తారు. మా మరిది పట్టాళంలో చేరి బర్మాలో కనపడకుండా పోయాడు. శవం లేదు, సమాధి లేదు. ఏడాది చూసి మా అత్త ఒక పొద్దున పొయ్యిలో నీళ్లు పోసింది. పాలెం అంతా వచ్చి తినిపించింది. అందుకని ఆ ఆదివారం ఆవిడే ముందు లేచింది. జొన్నన్నం, పప్పుచారు కుండల్లో పెట్టుకుని, ఆడవాళ్లని వెంటేసుకుని డాక్టరమ్మ ఇంటికి పోయి అరుగు మీద కూర్చుంది. సాయంత్రం డాక్టరమ్మ బండి దిగేసరికి అందరూ మామ్మని తలుచుకుని ఏడుపు అందుకున్నారు.

డాక్టరమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎవరు పోయారు?"

"మీ అమ్మ, తల్లీ," అంది మా అత్త.

"ఎవరు చూశారు?"

డాక్టరమ్మ నెమ్మదిగా అంది, "నేను తప్ప మా అమ్మ కోసం ఎదురుచూసేవాళ్లు లోకంలో ఎవరూ లేరు అత్తా. నేను కూడా మానుకుంటే, ఇక నిజంగా పోతుంది."

లోపలికి పోయి పొయ్యి రాజేసింది. తడి కట్టెలేమో, ఇంటినిండా పొగ. ఆ పొగలో కూర్చుని ఊదుకుంటూనే ఉంది. చావింటికని పట్టుకుపోయిన అన్నం వెనక్కి తేకూడదు. మావాళ్లు రోడ్డు మీద పోయే బండ్లవాళ్లని ఆపి ఆ కుండలు వాళ్లకి పెట్టేసి దిగాలుగా ఇళ్లకొచ్చారు. మా అత్త ఆ తర్వాత కొన్నాళ్లు డాక్టరమ్మ ఇంటి ఛాయలకి పోలేదు. కానీ ఆ ఏడు కూడా కారం తగ్గించిన జాడీ పెట్టింది. నా చేతికిచ్చి, మామ్మ కోసమని చెప్పి ఇచ్చిరా, అంది. డాక్టరమ్మ ఆ జాడీని రెండు చేతులతో తీసుకుని మామ్మ గదిలో కిటికీ పక్కన పెట్టుకుంది.

మరుసటేడు ఎండాకాలంలో మందులు తేవడానికి మద్రాసు పోయింది. ఓడ దిగిన ఒక వియన్నా మనిషి అక్కడ కనపడిందట, తనవాళ్లే, తన వీధే. తిరిగొచ్చిన పొద్దున ఆమె ఇంటికి కూడా పోలేదు. తుమ్మకంప దడి సందులోంచి తిన్నగా మా వంటింట్లోకి వచ్చి నేల మీద కూర్చుంది. గొడుగు ఒళ్లో పెట్టుకుంది. మా అత్త జొన్నలు చెరుగుతూ చేట ఆపింది.

పగటిపూటే వచ్చారట జర్మనీ సిపాయిలు. వీధిలో యూదుల్నందరినీ దిగి రమ్మన్నారట. ఆ మద్రాసులో కనపడిన ఆమె ఎదురింట్లో ఎవరో దాచిపెడితే తలుపు సందులోంచి చూసిందట. మామ్మ కోటు వేసుకుని మెట్లన్నీ దిగి వచ్చింది. లారీ దాకా పోయి ఆగింది. పొయ్యి మీద కుండ మరిచిపోయాను, మాడిపోతుంది, అంది. వాళ్లు అరుస్తూనే ఉన్నారు. మామ్మ వినిపించుకోలేదు, మళ్లీ మెట్లన్నీ ఎక్కి పోయింది, మళ్లీ దిగి వచ్చి లారీ ఎక్కింది. ఆ లారీల్లోంచి రైలెక్కించినవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు.

ఇదంతా చెప్పి డాక్టరమ్మ మా అత్త వైపు చూసింది.

"మా అమ్మ పొయ్యి ఆర్పేసి పోయింది అత్తా. ఈ పూట మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు."

మా అత్త చేట పక్కకి నెట్టి ఆమె మెడ కావలించుకుంది. ఇక ఆ ఏడుపు నేనేం చెప్పను! మధ్యాహ్నానికి పాలెం ఆడవాళ్లంతా కుండలతో వచ్చేశారు. మా వైపు చచ్చినవాళ్ల బతుకంతా వరసపెట్టి చెబుతూ ఏడుస్తారు. మామ్మ బతుకు వాళ్లకి తెలియందేముంది? సోపు రొట్టెలు కాల్చిన చేతులు మామ్మా, మంచులో పిచ్చుకల్ని పిలిచిన మామ్మా, మెట్టు మెట్టుకీ ఆయాసపడ్డ మామ్మా, అని రాగం తీశారు. మంచు ఎట్లా ఉంటుందో ఒక్కరూ ఎరగరు. ఎండలో నాపరాళ్లు కాలిపోతున్నాయి. ఆ వీధి, ఈ వీధి ఒకటైపోయి మామ్మ మా మధ్యనుంచే లేచి పోయినట్టుంది. మా వాళ్లలో కూడా ఇట్లాగే కింద కూర్చుంటాం, పొరుగువాళ్లే అన్నం తెస్తారు, అని డాక్టరమ్మ వెక్కుతూ చెప్పింది. మా అత్త ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఆమె తింది. అన్నేళ్లలో ఆమె మరొకరి చేతి ముద్ద తినడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత మామ్మ గది పురుటి గది అయింది. నాలాంటి నోరుగలదాన్ని కూడా అక్కడ గట్టిగా అరవనిచ్చేది కాదు. బిడ్డ పుట్టగానే కిటికీ దగ్గరకి తీసుకుపోయి రోడ్డు చూపించేది. పుట్టీ పుట్టని గుడ్డుకి రోడ్డేం కనపడుతుందని నేను వేళాకోళం చేస్తే, కనపడకపోయినా చూపించడం మన పని వదినా, అనేది. ఆమె లేనిది ఈ పాలెంలో ఎట్లా తెల్లవారుతుందో నాకు తెలియడం లేదు. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నా సొంత అక్క పోయినా ఇంత ఏడ్చి ఉండను.

ఇక ఆమె పోయిన రోజు. సమాధి దగ్గర ఏ ప్రార్థన చెయ్యాలో తెలియక పాస్టరుగారు దావీదు కీర్తన ఒకటి చదివాడు. అది వాళ్లదీ మనదీ కదా, అన్నాడు. తర్వాత ఆస్పత్రివాళ్లు అడిగారు, ఈమె తాలూకు వాళ్లెవరు, తంతి ఎవరికివ్వాలి, అని. ఆమె కాగితాల్లో ఎవరి పేరూ లేదు. సమాధి నుంచి వెనక్కొచ్చి ఎవరింటికి వాళ్లు పోయాం. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. సాయంత్రం నేను పెరట్లోకి పోయి చూస్తే ఏ కప్పు మీదా పొగ లేదు. వీధి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా, ఆకాశం శుభ్రంగా ఉంది. పసిపిల్లలు ఆకలికి సణుగుతున్నారు, తల్లులు వాళ్లని ఊరుకోబెడుతున్నారు గానీ పొయ్యి దగ్గరకి ఎవరూ పోలేదు.

పొద్దు వాలుతుండగా పై ఊరి రైతుల ఇళ్ల ఆడవాళ్లు కుండలతో వచ్చారు. మా పాలెం గడప ఎన్నడూ తొక్కనివాళ్లు. వాళ్ల కాన్పులూ డాక్టరమ్మ చేతుల మీదుగా జరిగినవే మరి. వీధి మొదట్లో ఆగి, అటూ ఇటూ చూసి, చావిల్లు ఏదమ్మా, ఏ ఇంటికి తేవాలి, అని అడిగారు.

మా అత్త అరుగు మీద నుంచి లేవలేదు.

"ఏ ఇంటికైనా ఒకటేనమ్మా. దించండి," అంది.

వాళ్లు గుమ్మం గుమ్మానికీ ఒక్కో కుండ దించుకుంటూ, ఆ మసక వెలుగులో వీధి చివరిదాకా నడిచారు.