మాస్టారి మాటల కుటుంబాలూ నా బేరమూ

బేరం ఆడకుండా నేను కొన్న వస్తువు ఒక్కటి కూడా లేదు. మందుల షాపులో జ్వరం మాత్రకి కూడా ఆడాను, ఒంట్లో జ్వరం పెట్టుకుని. మా తాతది పచారీ కొట్టు, నాన్నది గుడివాడలో బట్టల కొట్టు, మేనమామలకి బందరులో తలా ఒక కొట్టు. మా ఇళ్లల్లో పిల్లలకి ‘అమ్మ’, ‘అత్త’ తరవాత వచ్చే మాట ‘తగ్గించండి’. గొప్పకి చెప్పడం లేదు. ఈ విద్యతో నేను డబ్బు చాలా మిగుల్చుకున్నాను గాని, ఇంకొకరికి సాయం చెయ్యబోయింది మాత్రం ఒక్కసారే. ఆ సాయం ఎలా ఏడిసిందో రాద్దామని కూర్చున్నాను.

యాభైల మాట. నాకు ఇరవై మూడేళ్లు. ఎస్సెస్సెల్సీలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి కొట్లో కూర్చున్నాను. బొంబాయి మిల్లుల నుంచి వచ్చే ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. వాటిని చదివి పెట్టడానికి నాన్న పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన్ని పిలిచి, వేడి పకోడీలు తెప్పించేవాడు. ఆయన పకోడీలు ఉన్నంతవరకే చదివేవాడు. చివరి పేరాలో ఏముందో మా వంశంలో ఎవరికీ తెలియదు.

మా కొట్టు వెనక గదిలో ఒక మాస్టారు అద్దెకి ఉండేవారు. దివిసీమ మనిషి, అవనిగడ్డ దగ్గర పల్లె. బి.ఏ. మధ్యలో ఆగిపోయిందిట, అందుకని ఏ హైస్కూలు వాళ్లూ ఆయన్ని తీసుకోలేదు. ముప్ఫై ఏళ్లుగా ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకుంటూ బతికారు. ఆయన దగ్గర కూర్చున్న కుర్రాళ్లు ఆఫీసర్లయ్యారు, ఆయన మాత్రం ట్యూషను మాస్టారుగానే ఉండిపోయారు. నన్ను పిలిచి, “ఏరా అబ్బాయ్, మీ నాన్న పకోడీల ఖర్చు తగ్గిద్దామా?” అన్నారు.

నేను నా ధోరణిలో, “ఎన్ని మాటలు నేర్పుతారు మాస్టారూ, ఎన్నాళ్లలో?” అన్నాను.

“నువ్వు చీరలు ఒక్కొక్కటి కొంటావా, కట్టకట్టిన బేలు కొంటావా?”

“బేలేనండీ.”

“మాటలు కూడా అంతేరా. విడిగా కొనకు.”

ఆయన దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కు ఉండేది. పేజీ పైన నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు. కింద ఆ అక్షరాలు కడుపులో పెట్టుకున్న మాటలన్నీ, పక్కన తెలుగులో అర్థాలు. పోర్ట్ అంటే మొయ్యడం. లోపలికి మోసుకొస్తే ఇంపోర్ట్, బయటికి మోస్తే ఎక్స్‌పోర్ట్, ఉన్న సంగతి మోసుకొచ్చి చెబితే రిపోర్ట్, కింద నుంచి భుజం పడితే సపోర్ట్. స్పెక్ట్ అంటే చూడడం. లోపలికి తొంగి చూసేవాడు ఇన్‌స్పెక్టర్. మళ్లీ వెనక్కి తిరిగి చూడబుద్ధయితే రెస్పెక్ట్. కనురెప్పల కింద నుంచి చూస్తే సస్పెక్ట్.

“అంటే బందరు పోర్టు కూడా ఈ ఇంటిదేనా మాస్టారూ?” అన్నాను ఒకసారి.

“దానిదీ ఇదే ఇంటిపేరు. గోత్రం వేరు. ఇంటిపేరు కలిసిందని భోజనానికి వెళ్లిపోకు.”

ఆ పద్ధతి నాకు నచ్చింది. ఒక్క వేరు కొంటే పదిహేను మాటలు ఊరికే వస్తున్నాయి. టోకు బేరం. ఆరు నెలల్లో మిల్లు ఉత్తరాల్లో చివరి పేరాలు నేనే చదివాను. సరుకు నచ్చకపోతే వెనక్కి పంపవచ్చని ప్రతి ఉత్తరంలోనూ రాసి ఉంది. మా నాన్న ఆ రోజు అన్నం తినలేదు. మూడోసారికి ఎస్సెస్సెల్సీ కూడా గట్టెక్కాను.

మాస్టారికి ఒక్కటే కోరిక. ఆ నోటుబుక్కు అచ్చయి, దివిసీమ పిల్లల చేతుల్లో పడాలి. అక్కడి హైస్కూలు హెడ్మాస్టరు ఒకాయన, బడి తెరిచే రోజుకి పుస్తకం వస్తే పై తరగతులన్నిటిచేతా కొనిపిస్తానన్నారు. తనని గుమ్మం దాటనివ్వని హైస్కూళ్లలో ఒకదానిలోకి తన పుస్తకం వెళ్లబోతోంది. మనిషి వయసు పదేళ్లు తగ్గింది. “అచ్చాఫీసుల వాళ్లతో మాట్లాడడం నాకు చేతకాదురా” అన్నారు.

“మీరు ఇంట్లో కూర్చోండి మాస్టారూ. బేరం నాకొదిలెయ్యండి” అన్నాను. అడిగిందే తడవుగా ఒప్పుకున్నానని ఆయన కళ్లు తుడుచుకున్నారు. నేను ఒప్పుకున్నది ఆయన కోసమా, బేరం కోసమా అని అప్పుడెవరూ అడగలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను.

బందరులో మా పెద్దమావయ్య కొట్టుకి నాలుగు గుమ్మాల అవతల ఒక అచ్చాఫీసు ఉండేది. శుభలేఖలు, సినిమా కరపత్రాలు, మందు సీసాల చీటీలు వేసేవాళ్లు. యజమాని మావయ్యకి స్నేహితుడు, నన్ను వరస పెట్టి ‘బావా’ అనేవాడు. నోటుబుక్కు తిరగేసి ఒక రేటు చెప్పాడు.

అప్పుడు నా తెలివి బయటికి తీశాను. మాకు పెడన అద్దకం దుప్పట్ల వ్యాపారం ఉంది. ఆ పని పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. కొయ్య అచ్చు ఒక్కటి చెక్కిస్తే చాలు, అదే పువ్వుని దుప్పటి నిండా నాలుగొందల సార్లు కొట్టుకోవచ్చు. ఒకే పువ్వు మళ్లీ మళ్లీ వచ్చే దుప్పటి చవక, రకరకాల పువ్వులుంటే ఖరీదు. ఈ లెక్క పెడనలో పసివాడికి కూడా తెలుసు.

“బావగారూ, చూడండి” అని ట్రాక్ట్ పేజీ తీసి చూపించాను. “ట్రాక్ట్ అంటే లాగడం. ట్రాక్టరు, కాంట్రాక్టు, ఎక్స్‌ట్రాక్ట్, అట్రాక్ట్, ముప్ఫై మాటలున్నాయి. ప్రతిదాంట్లోనూ అవే అక్షరాలు. ఒక్కసారి చేస్తే పేజీ అంతా కొట్టుకోవచ్చు. పేజీకో కొత్త కథ ఉన్న పుస్తకానికీ దీనికీ ఒకే రేటంటే ఎలా?”

యజమాని నా మొహం వంక చూశాడు. లోపల గళ్ల పెట్టె ముందు నిలబడి సీసపు అక్షరాలు ఏరుతున్న కంపోజిటరు, ముసలాయన, పని ఆపి అన్నాడు. “అలా కాదు బాబుగారూ. ఒకే అక్షరం అన్నిసార్లు వస్తే మన దగ్గర చాలవండీ.”

సరుకు తక్కువగా ఉందని చెప్పి రేటు పెంచడం మేం రోజూ చేసే పనే. “ఆ పాట మా కొట్లో పుట్టిందే తాతా” అన్నాను. యజమాని నవ్వాడు. ముసలాయన మళ్లీ పెట్టెలోకి వంగాడు.

మధ్యాహ్నం దాకా లాగాను. లేచి గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లాను. రెండోసారి చెప్పులు కూడా తొడుక్కున్నాను. చివరికి యజమాని, “నీతో పడలేను బావా, నువ్వన్నట్టే కానీ” అన్నాడు. చెప్పినదాంట్లో మూడో వంతు తగ్గింది. అప్పటికే మావయ్య, పక్క కొట్టు వాళ్లు ఇద్దరు గుమ్మంలో చేరి చూస్తున్నారు. “వీడు మన రక్తమేరా” అన్నాడు మావయ్య. గుడివాడ రైల్లో ఆ మాట తల్చుకుంటూ కూర్చున్నాను. పెడన స్టేషను ఎప్పుడొచ్చి వెళ్లిందో చూసుకోలేదు.

బడి తెరవడానికి మూడు వారాల ముందు ప్రూఫులు చూసుకోమని కబురొచ్చింది. మాస్టారు తెల్ల పంచె కట్టుకుని వచ్చారు. ఇద్దరం బందరు వెళ్లాం.

ట్రాక్ట్ పేజీ మొదటి పది మాటలూ ముత్యాల్లా ఉన్నాయి. పదకొండో మాట నుంచి అక్కడక్కడ నల్లటి చదరాలు. ఇంకా కిందికి వెళ్లేసరికి మాట కంటే చదరాలే ఎక్కువ. పోర్ట్ పేజీ అంతే, స్పెక్ట్ పేజీ అంతే.

“ఇదేమిటండీ?” అన్నారు మాస్టారు.

కంపోజిటరు ఆయన్ని పెట్టె దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. ఒక్కో గడిలో ఒక్కో ఇంగ్లీషు అక్షరం, సీసంతో పోసిన చిన్న చిన్న పుల్లలు. టీ అక్షరం గడి ఖాళీ. “ఒక పుల్ల ఒక చోట పెడితే ఆ పేజీలు బిగించిన ఫారం అచ్చయి, విప్పేదాకా అది మళ్లీ చేతికి రాదండీ. మాకు ఇంగ్లీషు ఎప్పుడో శుభలేఖ మీద నాలుగు ముక్కలు పడతాయి. మీ ట్రాక్ట్ పేజీ ఒక్కదానికే టీలు అరవైకి పైనే కావాలి. లేనిచోట వేరే అక్షరాన్ని తలకిందులుగా పెట్టానండీ, దాని అడుగు నల్ల చదరంగా పడి మీకు తెలియాలని.”

కొయ్య అచ్చుని ఎత్తి పక్కన మళ్లీ కొట్టవచ్చు. సీసపు అక్షరాన్ని ఎత్తితే అది ఉన్న చోటు ఖాళీ అవుతుంది. ముసలాయన ఆ రోజు చెప్పబోయింది ఇదే.

యజమాని నా వంక చూడకుండా మాస్టారితోనే మాట్లాడాడు. “రెండే దారులండీ. మద్రాసు నుంచి టైపు తెప్పించాలి, లేదా పేజీని మూడు ముక్కలుగా కూర్చి, అచ్చేసి, విప్పి, మళ్లీ కూర్చాలి. మొదట చెప్పిన రేటు అందుకే చెప్పాను. బావ చెప్పిన రేటుకి రెండూ కుదరవు.”

“పోనీ మొదటి రేటే ఇద్దాంరా అబ్బాయ్” అన్నారు మాస్టారు. మెల్లగా, నన్ను బతిమాలుతున్నట్టు. ఆయన డబ్బు, ఆయన పుస్తకం. నన్ను అడగాల్సిన పని లేదు. అయినా అడిగారు.

గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నాడు.

“మీరు ఊరుకోండి మాస్టారూ” అన్నాను. “మాట మాటే. ఇప్పుడు పెంచితే రేపు కాగితం చాలలేదంటారు. అయినా పిల్లలకి ఒక్కో పేజీలో ముప్ఫై మాటలెందుకండీ? పదేసి చాలు.”

“పదా?”

“పది చాలండీ.”

ఆయన కాగితం కట్ట మీద కూర్చుని, ఎర్ర పెన్సిలు అడిగి పుచ్చుకున్నారు. కొట్టేసే ముందు ప్రతి మాటనీ పైకి చదివేవారు, పిల్లలకి చెప్పినట్టే. “డిస్ట్రాక్ట్. మనసుని పక్కకి లాగెయ్యడం.” గీత. “ప్రొట్రాక్ట్. సాగలాగడం.” గీత. “సబ్‌ట్రాక్ట్. కింద నుంచి లాగేసుకోవడం.” గీత. లోపల ముసలాయన అక్షరాలు ఏరడం మానేసి వింటున్నాడు.

“రిట్రాక్ట్” అన్నారు మాస్టారు. “అన్న మాట వెనక్కి తీసుకోవడం.”

పెన్సిలు ఆపి కాసేపు అలాగే ఉన్నారు. తలెత్తి నా వంక చూడలేదు. నాకు వ్యవధి ఇస్తున్నారని మాత్రం తెలిసింది. నేను గోడ మీది కేలండరు చూస్తూ నిలబడ్డాను. ఆయన గీత గీశారు.

పుస్తకం బడి తెరిచే రోజుకి వచ్చింది. అందులో నా మాట పోలేదు. కట్టలు బస్సులో వేసుకుని అవనిగడ్డ వెళ్లాం. హెడ్మాస్టరుగారు లేచి నిలబడి కుర్చీ వేయించారు, పుస్తకం తీసుకున్నారు, అటూ ఇటూ తిప్పారు. పల్చగా ఉంది. “పెద్ద పుస్తకం అన్నారే మాస్టారూ” అన్నారు. నాలుగు పేజీలు చూసి, “ఈ మాటలు మా పిల్లలకి వచ్చండీ. రాని మాటలుంటాయనుకున్నాను” అన్నారు. ఆయన తప్పేం లేదు. మొదటి పదీ అందరికీ తెలిసినవే, మాస్టారు పేజీని తేలిక మాటలతో మొదలుపెట్టి కష్టమైనవాటి దాకా నడిపించేవారు. మేం కొట్టేసింది అటు చివర. మర్యాదకి లైబ్రరీలో వెయ్యమని రెండు ప్రతులు ఉంచుకున్నారు.

తిరుగు బస్సులో మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు. పులిగడ్డ దాటాక, “చాలా శ్రమపడ్డారండీ మీరు” అన్నారు.

ఎవరితో అంటున్నారో నాకు వెంటనే అర్థం కాలేదు. నాలుగేళ్లుగా నేను ‘ఏరా’ని, ‘అబ్బాయ్’ని. ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా నేను ‘మీరు’ని, ‘అండీ’ని. ఒక్కసారి కూడా పొరపాటున నోరు జారలేదు. మా కొట్టు వెనక గది ఖాళీ చేసే రోజున నాన్నతో కూడా, “మీ అబ్బాయిగారికి చెప్పానండీ” అన్నారు. నాన్న మురిసిపోయాడు. కొడుక్కి మర్యాద పెరిగిందనుకున్నాడు.

మిగిలిన ప్రతులు మాస్టారు సొంత ఊరికి తీసుకెళ్లిపోయారు. అక్కడ ట్యూషనుకొచ్చిన పిల్లలకి ఊరికే పంచారని తరవాత తెలిసింది. అరవైల్లో ఒకసారి దుప్పట్ల పని మీద నాగాయలంక వెళ్తే, వ్యాపారస్తుడి కూతురు ఆ పుస్తకం ముందేసుకుని చదువుకుంటోంది. అడిగి తీసుకుని చూశాను. ప్రతి పేజీకీ అంచుల వెంట, పైనా కిందా, నీలం సిరాతో సన్నటి చేతిరాత. ట్రాక్ట్ పేజీలో కొట్టేసిన ఇరవై మాటలూ ఉన్నాయి, అర్థాలతో సహా. “మాస్టారు అన్ని పుస్తకాల్లోనూ రాసే ఇస్తారండీ” అంది ఆ పిల్ల. “రాయడానికే రోజుకి రెండు గంటలు కూర్చుంటారు. చూపు ఆనట్లేదంటున్నారు.”

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లాను. కుర్చీ వేశారు, మజ్జిగ ఇప్పించారు. నా దగ్గర పుస్తకం లేదు, ఒకటి ఇప్పించమన్నాను. ఎంతకిస్తారని మాత్రం అడగలేదు, అంతవరకు ఎదిగాను.

గూట్లో రెండు దొంతరలున్నాయి. ఒకటి రాసినవి, ఒకటి ఇంకా రాయనివి. ఆయన రెండో దొంతరలోంచి తీసి, దుమ్ము దులిపి, రెండు చేతులతో అందించారు.

“ఇందులో రాయలేదేం మాస్టారూ?” అన్నాను.

“మీకు పది చాలన్నారు కదండీ” అన్నారు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. కొట్లో మనం కొలత గుర్తుపెట్టుకుని ఇస్తామే, అలా అన్నారు.

ఆ పుస్తకం నా దగ్గర ఉంది. అంచులు తెల్లగా ఉన్నాయి.