రంగు పోయిన నీళ్లు

జగ్గయ్యపేట కాలేజీలో మా కెమిస్ట్రీ మేడం దేన్నీ ఒక్కసారికి నమ్మేవారు కాదు. ఏ ఫలితం చూపించినా కళ్లద్దాలు తీసి, కళ్లు నులుముకుని, "ఇంకోసారి చూద్దామమ్మా" అనేవారు.

ఊరి చివర చీరలకు రంగులద్దే షెడ్డు నుంచి ఎర్రనీళ్లు వాగులో కలుస్తున్నాయని రైతులు మొత్తుకుంటుంటే, వాటిని శుభ్రం చేసే పని మేడం నెత్తినేసుకున్నారు. నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, అతినీలలోహిత దీపం ఉన్న గొట్టంలోంచి పంపేవారు. ల్యాబులో ఇట్టే పోయిన రంగు షెడ్డులో మొండికేసింది. ఆ మడ్డినీళ్లలోకి వెలుగు దూరేది కాదు. వేసవంతా నేనూ మేడమూ మేముండే నందిగామ నుంచి బస్సులో వచ్చి, నీళ్లు వడగట్టడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

చివరికి ఒకరోజు తేటనీళ్లు వచ్చాయి. షెడ్డు యజమాని సంబరపడిపోయాడు.

"ఇంక వాగులోకి వదిలేద్దామండీ. నీళ్లు మంచివైపోయాయని రైతులకి మీరే ఓ మాట చెప్పండి."

మేడం అక్కడున్న డ్రమ్ము మీద కూలబడ్డారు.

"రంగే పోయిందండీ. విషం పోయిందో లేదో పరీక్ష చేయించాలి. ఎర్రగా ఉన్నన్నాళ్లూ గేదెల్ని దూరంగా తోలుకుపోయేవాళ్లు. ఇప్పుడు నమ్మి తాగిస్తారు."

"ఇంకా ఎన్నాళ్లండీ ఇట్లా?"

"నాకూ ఓపిక లేదండీ" అంటూనే లేచి, వాగులోకి పోయే తూము మూయించారు.

ఆ తేటనీళ్లలో విషం మిగిలే ఉందని తర్వాత పరీక్షలో తేలింది. తన అనుమానమే నిజమైనందుకు మేడం సంతోషించలేదు. ఆ సాయంత్రం బస్సు కిటికీకి తల ఆనించి నందిగామ దాకా నిద్రపోయారు. లేపడానికి నాకు మనసొప్పలేదు.